సర్వర్ క్రెడిట్లు కోడ్‌తో చూసుకోవాలి

సంపాదకుల వారికి,

గుంటూరు మిర్చి వ్యాపారుల లెక్కల సాఫ్ట్‌వేర్ నడిచే సర్వర్లు నేను చూస్తుంటాను. అమెజాన్ అద్దెకిచ్చే టీ2 రకం క్లౌడ్ సర్వర్లు మామూలుగా ‘స్టాండర్డ్’ పద్ధతిలో మొదలవుతాయి; క్రెడిట్లు (ప్రాసెసర్‌ను ఎక్కువ వేగంతో వాడుకునేందుకు గంటగంటకూ జమయ్యే కోటా) అయిపోతే వేగం పడిపోతుంది. టీ3 రకంవి ‘అన్‌లిమిటెడ్’ పద్ధతిలో మొదలవుతాయి, వేగం తగ్గదు గానీ, సగటు వాడకం బేస్‌లైన్ (ఆ సర్వర్‌కు కేటాయించిన మామూలు ప్రాసెసర్ వాటా) దాటితే బిల్లు పెరుగుతుంది. టీ3లో చిన్న సైజైన ‘మైక్రో’కు గంటకు వచ్చేవి 12 క్రెడిట్లే. సీజన్‌లో అవి ఏ మూలకు? చిన్న వ్యాపారికి ఈ తేడా ముందే చెప్పాలి కదా!

పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో బోటో3 (అమెజాన్ క్లౌడ్‌తో పనిచేసే లైబ్రరీ)తో ‘డిస్క్రైబ్ ఇన్‌స్టన్స్ క్రెడిట్ స్పెసిఫికేషన్స్’ అనే ఫంక్షన్‌ను పిలిస్తే సర్వర్ ఏ పద్ధతిలో ఉందో తెలుస్తుంది. సర్వర్ ఐడీలు తప్పక ఇవ్వాలి; లేదంటే స్టాండర్డ్‌లో ఉన్నవి జాబితాలోకి రాకపోవచ్చు. ఒక్కో రీజియన్‌కు (అమెజాన్ సర్వర్లుండే ప్రాంతానికి) విడిగా అడగాలి.

మన గుంటూరు, విజయవాడ ఇంజినీరింగ్ కాలేజీలు క్లౌడ్ ల్యాబుల్లో ఈ స్క్రిప్టు పిల్లలతో రాయించాలని నా విన్నపం.

– ఒక సర్వర్ నిర్వాహకుడు, గుంటూరు