ఉమ్మడి గోడకు తగిలే మంచం పలకలు

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారాలు.

బరంపురం, పర్లాకిమిడి పట్టణాల పాత వీధుల్లో మన తెలుగువారి ఇళ్లు చాలావరకు ఒకదాన్నొకటి ఆనుకుని, నడుమ ఒకే గోడతో ఉంటాయి. కొత్తగా కట్టే వాటాల్లోనైతే ఆ నడిమి గోడ చాలాచోట్ల నాలుగున్నర అంగుళాలే. అటువంటి గోడకు డబుల్‌ కాట్ మంచం తలాపు పలక, అంటే హెడ్‌బోర్డు, తగిలి కొట్టుకుంటుంటే ఆ అదురు గోడ గుండా నేరుగా పక్కింట్లోకి చేరుతుంది. ఇవతల పడుకున్నవారు ఒత్తిగిలిన ప్రతిసారీ అవతల జబ్బుతో ఉన్న పెద్దలకు నిద్ర చెడుతుంది, పరీక్షలకు చదివే పిల్లలకు ధ్యాస చెడుతుంది. మొహమాటం కొద్దీ ఎవరూ ఈ మాట ఎత్తరు కనుక మీ పత్రిక ద్వారా చెప్పదలిచాను.

పలకకూ గోడకూ మధ్య పాత గుడ్డలు కుక్కితే చప్పుడు కొంత తగ్గుతుందే గాని కదలిక ఆగదు. పైగా కదిలినకొద్దీ మరలు (స్క్రూలు) ఎక్కించిన బెజ్జాలు అరిగి పెద్దవవుతాయి. అసలు లోపం పలక కాళ్లు మంచం పట్టెలతో కలిసేచోట ఉంటుంది. సముద్రపు తేమ సోకే మా గంజాం ప్రాంతంలో చెక్క వానాకాలంలో ఉబ్బుతుంది, ఎండలకు కుంచించుకుపోతుంది. ఈ మార్పుల్లో బోల్టు కింది చెక్క నలిగి బిగువు సడలుతుంది. కాబట్టి ముందు పరుపు తీసి బోల్టులన్నీ బిగించాలి. బోల్టు తల చెక్కలోకి దిగబడుతుంటే దాని కింద వెడల్పాటి వాషరు వేయాలి. చెక్కమర పట్టు దొరకక ఊరికే తిరుగుతుంటే, బెజ్జంలో సన్నని వెదురు పుల్లలను ఫెవికాల్ రాసి కూరి, ఒక రోజంతా ఆరనిచ్చి, మళ్లీ చిన్న బెజ్జం వేసి మర ఎక్కించాలి. చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసే పార్టికల్ బోర్డుకు ఈ ఉపాయం ఎక్కువకాలం నిలవదు. దానికి ఆ వైపు నుంచి ఈ వైపుకు వచ్చే బోల్టు వేయించడమే మేలు.

నున్నని టైల్సు మీద మంచం జరుగుతుంటే కోళ్ల కింద రబ్బరు తొడుగులు పెట్టి, పలకను గోడకు రెండంగుళాల ఎడంగా ఉంచాలి. పలకను గోడకే బిగించమని కొందరు చెబుతారు. లోపల కరెంటు తీగలు లేవని చూసుకుని ఇంటి బయటి గోడకు ఆ పని చేయించుకోవచ్చు గాని, ఉమ్మడి గోడకు అది ఎంతమాత్రం తగదు, ఎందుకంటే మంచం అదురంతా సరాసరి పొరుగింటికి పోతుంది.

మంచాలు అమ్మే దుకాణదారులకు నాదొక విన్నపం. ఇంటికి వచ్చి బిగించిన పనివారు బోల్టులు తిప్పే పనిముట్టును, అంటే అలెన్ కీని, తిరిగి పట్టుకుపోకుండా కొన్నవారికే ఇచ్చి వెళ్లాలి. వానలు వెనుకబట్టి చెక్క ఆరిన తరువాత ఒక్కసారి వచ్చి బిగువు సరిచూడాలి. ఏ బోల్టు ఎక్కడుందో చూపే బొమ్మతో తెలుగులోనూ ఒడియాలోనూ ఒక కాగితం ఇస్తే, వడ్రంగి కోసం ఎదురుచూడకుండా ఇంట్లోవాళ్లే ఈ పని చేసుకోగలుగుతారు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా