గేమ్స్ పీరియడ్‌లోకి మ్యాథ్స్ మిస్ ఎందుకొస్తోంది?

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను ఖమ్మం జిల్లాలో దాదాపు ముప్పయ్యేళ్లు ఎస్జీటీగా, అంటే ప్రాథమిక బడి టీచర్‌గా, పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు హైదరాబాద్‌లో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. రెండో తరగతి చదివే మనవరాలిని పొద్దున బడిలో దింపడం, సాయంత్రం తీసుకురావడం, ప్రస్తుతం నా ఉద్యోగం అదే. దారిలో దాని కబుర్లన్నీ నాకే. ఈ మధ్య వారానికి రెండుసార్లు ఒకటే మాట చెబుతోంది, "తాతయ్యా, ఇవాళ కూడా గేమ్స్ లేదు, మ్యాథ్స్ మిస్ వచ్చింది" అని. ఏమిటా అని డైరీ తీసి చూస్తే, యూనిట్ టెస్టులు అయ్యేవరకు గేమ్స్ పీరియడ్‌ని రివిజన్‌కి వాడుకుంటాం, పేరెంట్స్ సహకరించగలరు అని స్టాంపు వేసి ఉంది. చేత్తో రాసింది కూడా కాదండీ, స్టాంపే చేయించుకున్నారంటే ఇది ఈ ఒక్క నెల వ్యవహారం కాదన్నమాట.

పేరెంట్స్ మీటింగ్‌లో అడిగాను. ఆ అమ్మాయిని, అదే టీచర్‌ని, తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు, సిలబస్ ఎంతవరకు అయిందని పైనుంచి రోజూ అడుగుతుంటే తను మాత్రం ఏం చేస్తుంది. నా పక్కన కూర్చున్న ఒక తండ్రి మాత్రం "ఆటలదేముంది సార్, ఇంటికొచ్చాక ఆడుకుంటారుగా" అన్నాడు. ఎక్కడ ఆడుకుంటారు బాబూ? బడి వదిలేది నాలుగున్నరకి, ఇంటికొచ్చి పాలు తాగేసరికి అయిదు, అయిదున్నరకి ట్యూషన్, ఏడింటికి హోంవర్క్. ఆ మధ్యలో ఓ పావుగంట దొరికినా మా అపార్ట్‌మెంట్ సెల్లార్ నిండా కార్లే, లిఫ్ట్ పక్కన "పిల్లలు ఇక్కడ బంతి ఆడరాదు" అని అసోసియేషన్ వాళ్ల నోటీసు, ఆ నోటీసు కింద వాచ్‌మన్. ఇక మిగిలింది సెల్‌ఫోనే.

ఇంత మాట్లాడుతున్నాను గానీ నేనేమీ మొదటినుంచీ బుద్ధిమంతుణ్ణి కాదు. సర్వీసులో చేరిన కొత్తల్లో చూచిరాత పూర్తి చేయనివాళ్లని ఇంటర్వెల్‌కి వదిలేవాణ్ణి కాదు. అందరూ బయట అరుచుకుంటూ ఉంటే ఆ నలుగురూ పలకలు ఒళ్లో పెట్టుకుని తలుపు వైపు చూస్తూ కూర్చునేవాళ్లు. అలా కూర్చోబెట్టిన రోజు మధ్యాహ్నం వాళ్లకి ఒక్క ముక్క ఎక్కేది కాదు, అది నాకు కనబడుతూనే ఉండేది, అయినా మర్నాడు మళ్లీ అదే పని. 1990ల్లో ఏపీపెప్ ట్రైనింగుల్లో, అంటే ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా ప్రాజెక్టు కింద టీచర్లకి ఇచ్చిన శిక్షణల్లో, చెప్పారు, పిల్లలు చేతులతో చేసి నేర్చుకోవాలి, ఊళ్లో దొరికే వస్తువులతోనే పాఠం చెప్పాలి అని. మేం చార్టులు కత్తిరించి గోడలకి అతికించాం, ఫొటో దిగాం, బడికి తిరిగొచ్చి మళ్లీ ఎక్కాలు బట్టీ పట్టించాం.

నాకు బుద్ధి చెప్పింది మూడో తరగతి కుర్రాడొకడు. మాది రెండు గదులు, ఒక వరండా, ముందో వేపచెట్టు ఉన్న బడి. ఇద్దరం టీచర్లం, అయిదు తరగతులు. వీడు బోర్డు మీద 5+7 రాసి అడిగితే పైకప్పు వంక చూసేవాడు. ఒకరోజు ఇంటర్వెల్‌లో వరండా గచ్చు మీద బొగ్గుతో గుండ్రాలు గీసుకుని వామనగుంటలు ఆడుతున్నారు, మా వైపు ఓమనగుంటలు అంటారు. అటు ఏడు, ఇటు ఏడు, గుంటకి అయిదేసి చింతగింజలు. తెలియనివాళ్లకి చెప్పాలంటే, ఒక గుంటలో గింజలు తీసి వరసగా ఒక్కోటీ వేసుకుంటూ పోవాలి, చేతిలోవి అయిపోతే పక్క గుంటలోవి తీసి ఆట సాగించాలి, ఆ పక్కది ఖాళీగా ఉంటే దాన్ని చేత్తో తుడిచి దాని అవతల గుంటలోవి మన ఖాతాలో వేసుకోవాలి. వీడు గింజలు ముట్టుకోకముందే గచ్చు మీదకి వంగి, పెదాలు కదుపుతూ, ఒక్కో గుంటనీ కళ్లతోనే దాటుకుంటూ పోతున్నాడు. పక్కవాడితో అంటున్నాడు కదా, "ఇది తీస్తే ఆడికి పోయి ఆగుతది, దాని పక్కది ఖాళీ, దాని అవతల ఏడున్నయ్, అవి నాయి."

వెనక నిలబడి విన్నాను. వీడికా నేను కూడికలు రావని ప్రోగ్రెస్ కార్డులో రాసింది?

మర్నాడు ఆ గింజల మూట క్లాసులోకి తెచ్చాను. గుంటకి అయిదు, గుంటలు పద్నాలుగు, మొత్తం ఎన్నిరా అంటే వాడు ఆలోచించను కూడా లేదు, "డెబ్బై సార్. ఒకటి తక్కువైతే ఎవడో దాచినట్టు, ఎతకాలె" అన్నాడు. గుణకారం, తీసివేత రెండూ ఒక్క ముక్కలో వచ్చేశాయి. వాడు తర్వాత లెక్కల్లో ఫస్ట్ వచ్చాడని చెప్పను, రాలేదు. పైకప్పు చూడటం మాత్రం మానేశాడు. అప్పట్నుంచి అష్టాచెమ్మా గవ్వలు, కచ్చకాయలు, గోటీలు అన్నీ నా బల్ల సొరుగులో ఉండేవి. ఇంకోటి కూడా గమనించాను, గోటీలు కొట్టే పిల్లలకీ, బంకమట్టి పిసికే పిల్లలకీ పెన్సిల్ పట్టుకుంటే వేళ్లు త్వరగా నొప్పి పుట్టేవి కావు. ఇప్పుడు మూడేళ్ల పిల్లలకి నాలుగు గీతల పుస్తకం ఇచ్చి రాయిస్తున్న బడి గేటు మీద "ప్లే స్కూల్" అని బోర్డు ఉంటోంది, చూసి నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు.

టైం లేదంటారు. చట్టం చూడండి. 2009లో వచ్చిన విద్యాహక్కు చట్టం షెడ్యూల్‌లో 1 నుంచి 5 తరగతులకి ఏడాదికి కనీసం 200 పనిదినాలు, 800 గంటల బోధన అని ఉంది. లెక్కేస్తే రోజుకి నాలుగు గంటలు. మా మనవరాలు బడిలో ఉండేది దాదాపు ఎనిమిది గంటలు! మధ్యాహ్నం భోజనం, ప్రార్థన తీసేసినా వారానికి రెండు పీరియడ్లు ఆటకి దొరకవా? అదే షెడ్యూల్‌లో ఆటస్థలం ఉండాలనీ, ప్రతి తరగతికీ అవసరమైనంత ఆటసామగ్రి ఇవ్వాలనీ ఉంది, ఇది ప్రైవేటు బడులకి కూడా వర్తిస్తుంది. మేడ మీద మేడ కట్టి, కింద స్కూలు బస్సులు నిలిపి, ఆ బస్సుల మధ్య సందులో పిల్లల్ని వరసగా నిలబెట్టి చేతులు పైకి కిందికి ఊపించి దాన్ని గేమ్స్ అంటున్నారు. ఇక 2020 జాతీయ విద్యావిధానం మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల వరకు ఒకే దశగా చూసి అక్కడ చదువంతా ఆటపాటలతోనే సాగాలంది, అందులో రెండో తరగతి కూడా ఉంది.

సర్కారు బడుల్లో అంతా బాగుందని కూడా అనను. ఆటబొమ్మల కిట్లు వస్తాయి, వచ్చిన రోజే స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కుతాయి, ఆ తర్వాత బీరువాలోనే ఉంటాయి. పిల్లలు విరగ్గొడితే ఆడిట్‌లో ఎవరు జవాబు చెప్పాలి అని హెడ్మాస్టర్‌కి భయం. ఇద్దరు టీచర్లలో ఒకరు యాప్‌లో ఫొటోలు ఎక్కిస్తూ కూర్చుంటే అయిదు తరగతుల్ని ఆడించేదెవరు అన్నది న్యాయమైన ప్రశ్నే. అయితే ఆడించడానికి ప్రతిసారీ పెద్దవాళ్లు ఉండాలా అన్నది నా అనుమానం.

ఎందుకంటే నేను చూసిన మంచి ఆటలన్నిట్లో నా పాత్ర వేపచెట్టు కింద కుర్చీలో కూర్చోవడమే. తొక్కుడుబిళ్లలో "గీత తొక్కావ్" అని ఒకరు, "తొక్కలే" అని ఒకరు, తొండి, తొండి అని చుట్టూ గోల, అయిదు నిమిషాలు తగువు. ఒకరిద్దరు నా దగ్గరికి పంచాయితీకి వచ్చేవాళ్లు, నాకేం తెలుసు నేను చూళ్లేదు పొమ్మనేవాణ్ణి. చివరికి "సరే, మళ్లీ ఆడు" అని వాళ్లే తేల్చుకునేవాళ్లు. అలిగి వెళ్లిపోయినవాడు ఆట లేకుండా ఎంతసేపు ఉంటాడు, పది నిమిషాలకి వచ్చేవాడు. ఎనిమిదేళ్ల పిల్లలు అక్కడ నేర్చుకుంటున్నదానికి మార్కులు లేవు కాబట్టి మనకది చదువులా కనబడలేదు.

ఇంకా ముచ్చటైన సంగతి, అక్కలు చంకనేసుకుని బడికి తెచ్చే మూడేళ్ల తమ్ముళ్లు. వాళ్లని ఆటలో అరటిపండు అంటాం కదా. వాడు దొంగ కాడు, ఔటూ అవడు, వాడి ఇష్టమొచ్చినట్టు పరిగెత్తొచ్చు. ఆ మాట మనం ఎవర్నయినా వెటకారం చేయడానికి వాడతాం గానీ, చిన్నవాణ్ణి ఏడిపించకుండా, ఆట చెడగొట్టనివ్వకుండా కలుపుకోవడానికి పిల్లలు కనిపెట్టిన రూలు అది, ఏ టీచరూ నేర్పలేదు.

ఎడిటర్ గారూ, మీకో మనవి. ర్యాంకుల ప్రకటనలు మీ పేపర్లో పేజీలకి పేజీలు వస్తాయి, అది మీ వ్యాపారం, కాదనను. మీ విలేకరుల్ని ఒక్కసారి ఏదైనా బడికి పంపి మూడో తరగతి టైంటేబుల్ అడగమనండి, పోయిన వారం గేమ్స్ పీరియడ్‌లో ఎవరొచ్చారో ప్రిన్సిపాల్‌ని కాకుండా పిల్లల్ని అడగమనండి. హోంవర్క్ తేలేదని ఎంతమందికి ఆట కట్ చేశారో కూడా అడగమనండి. తనిఖీకి వెళ్లే మండల విద్యాధికారులు, అదే ఎంఈఓ గార్లు, కూడా నోటుబుక్కుల మీద టిక్కులు లెక్కపెట్టే ముందు ఈ ఒక్కటీ అడిగితే చాలు.

మొన్న నేనూ మా మనవరాలి డైరీలో ఒక నోట్ రాసి పంపాను. "మ్యాథ్స్ పీరియడ్‌లో గేమ్స్ మిస్ వచ్చినా మాకు అభ్యంతరం లేదు" అని. సంతకం పెట్టి తిప్పి పంపారు, జవాబేమీ రాయలేదు. సోమవారం మూడో పీరియడ్ గేమ్స్. దాని బ్యాగులో నాలుగు గవ్వలు వేసి పంపుతున్నాను, సాయంత్రం ఏమంటుందో చూడాలి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచర్, హైదరాబాద్