కొలవకుండానే బ్యాటరీ మార్చేస్తున్నారు

సంపాదకుల వారికి,

నమస్కారం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఉదయం కారు స్టార్టు కాలేదంటే షెడ్డులో ముందుగా వినిపించే మాట ‘బ్యాటరీ పోయిందండీ’ అన్నదే. కొత్త బ్యాటరీ వేస్తారు. నాలుగు రోజులకు బండి మళ్లీ మొరాయిస్తే ఇంజిన్‌ను తిప్పి స్టార్టు చేసే సెల్ఫ్ మోటారు విప్పుతారు, అదీ కాదంటే బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ మీద పడతారు. యజమానికి వేల రూపాయలు వదులుతాయి గానీ వోల్టులు కొలిచే మల్టీమీటరు మాత్రం పెట్టెలోంచి బయటకు రాదు. ఐటీఐలో చాలాకాలం ఈ విద్య బోధించినవాణ్ని కాబట్టి ఈ అలవాటు గురించి మీ పత్రిక ద్వారా కొంత చెప్పదలిచాను.

బ్యాటరీ సంగతి ఊహించి చెప్పాల్సిన పని లేదు. రాత్రంతా కదలకుండా ఉన్న కారులో బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12కు దిగితే దాదాపు ఖాళీ అయినట్టు. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి పడిపోకూడదు. ఇంజిన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.5 వరకు ఉంటే ఆల్టర్నేటర్ తన పని తాను చేస్తున్నట్టే. కొన్ని కొత్త మోడళ్లలో ఛార్జింగును కంప్యూటరే పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది గనుక అక్కడ కొంత తేడా కనిపించవచ్చు. ఈ మూడు కొలతలు తీయడానికి ఐదు నిమిషాలు చాలు.

అసలు చిక్కు ఎక్కువగా ఎర్త్ దగ్గర, అంటే కరెంటు ఇంజిన్, బాడీ లోహం మీదుగా బ్యాటరీ నెగటివ్‌కు తిరిగి చేరే దారిలో వస్తుంది. టెక్కలి వైపు ట్యాక్సీ నడుపుకునే ఒకాయన కారు తాళం తిప్పితే ఒక్కోసారి ‘టక్’మని ఊరుకునేది. ఒక షెడ్డులో బ్యాటరీ మార్చారు, ఆ తర్వాత సెల్ఫ్ మోటారుకు కార్బన్లు వేశారు, అయినా రోగం కుదరలేదు. మీటరు ఒక కొసను బ్యాటరీ నెగటివ్ మొన మీద, రెండో కొసను ఇంజిన్ లోహం మీద పెట్టి సెల్ఫ్ కొట్టించి చూస్తే 1.8 వోల్టులు చూపించింది. అక్కడ అర వోల్టు దాటితేనే అనుమానించాలి. రెండో కొసను బాడీ మీదికి మార్చితే ఒక్క పాయింటే, అంటే 0.1 వచ్చింది. కాబట్టి లోపం బాడీకీ, ఇంజిన్‌కు బిగించి ఉండే గేర్‌బాక్సుకూ మధ్య ఉన్న అల్లిక పట్టీలోనే ఉండాలి. బోల్టు విప్పితే దాని కింద పచ్చటి చిలుము, తుప్పు పేరుకుని ఉన్నాయి. ఉప్పుకాగితంతో రుద్ది, బోల్టు బిగించి, పైన వ్యాజలిన్ రాశాక బండి మారుమాట లేకుండా స్టార్టయింది. అంతకుముందు తీసేసిన బ్యాటరీలో ఏ దోషమూ లేదని వేరే చెప్పనక్కర్లేదు.

ఇలాంటి లోపాన్ని మీటరును ఓమ్స్‌లో, అంటే నిరోధం కొలిచే స్థానంలో పెట్టి వెతికితే దొరకదు, ఈ విషయం పనివాళ్లలో కూడా చాలామందికి తెలియదు. సెల్ఫ్ మోటారు లాగే కరెంటు చిన్న పెట్రోలు కారులో కూడా 150 ఆంపియర్ల దాకా ఉంటుంది. దారిలో ఓమ్‌లో నూరో వంతు నిరోధం ఉన్నా ఒకటిన్నర వోల్టు అక్కడే హరించుకుపోతుంది, అంత చిన్న నిరోధాన్ని మామూలు మీటరు సున్నా అనే చూపిస్తుంది. తీగలన్నీ తెగి ఒక్క పోగు మిగిలిన కేబులు కూడా ఓమ్స్‌లో నిక్షేపంగా కనిపిస్తుంది. అందుకే సెల్ఫ్ కొట్టించి, దారిలో భారీ కరెంటు పారుతున్నప్పుడే వోల్టు ఎంత పడిపోతోందో కొలవాలి.

మన తీరంలో ఈ జాగ్రత్త మరీ అవసరం. కళింగపట్నం, బారువ, చింతపల్లి వంటి ఊళ్లలో ఉప్పుగాలికి టెర్మినళ్లు త్వరగా పాడవుతాయి. 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ వంటి తుపాను వచ్చి కారులోకి నీరెక్కితే, కనెక్టర్లలో మిగిలిన తడి ఎన్నో నెలల తర్వాత బయటపెట్టే లోపాలు అన్నీ ఇన్నీ కావు. బ్రేకు నొక్కితే ఇండికేటరు మినుకుమనడం అలాంటిదే. అది బల్బు లోపం కాదు, వెనక దీపాల ఎర్త్ వదులైందని అర్థం. కారు ముందు నిమ్మకాయలు, మిరపకాయలు కట్టడంలో చూపే శ్రద్ధలో పావు వంతు టెర్మినళ్ల మీద చూపినా చాలా బళ్లు దారిలో ఆగవు.

వలస వెళ్లి సంక్రాంతికి ఇంటికొచ్చేవారు ‘కదలని కారులో బ్యాటరీ ఎలా డౌనయింది’ అని అడుగుతుంటారు. ఇంజిన్ ఆపి తాళంచెవి బయటికి తీసి, అరగంట ఆగాక కారు లాగే కరెంటు సాధారణంగా 50 మిల్లీ ఆంపియర్లు దాటకూడదు. బయట వేయించిన మ్యూజిక్ సిస్టమో, జీపీఎస్సో అర ఆంపియరు లాగుతూ ఉంటే 45 ఆంపియర్ అవర్ల బ్యాటరీ నాలుగు రోజులకే ఖాళీ. ఆ కనెక్షన్ విప్పకుండా ఎన్ని బ్యాటరీలు మార్చినా ఫలితం ఉండదు.

ఫ్యూజుల విషయంలో జరిగేది మాత్రం నిర్లక్ష్యం కాదు, ప్రమాదమే. 15 ఆంపియర్ల నీలం ఫ్యూజు మాటిమాటికీ పోతోందని 30 ఆంపియర్ల ఆకుపచ్చది గుచ్చితే షార్టు అలాగే ఉండి వైరు కాలుతుంది.

కొత్త కార్లు వచ్చాక, కారు కంప్యూటరులో నమోదైన లోపాల కోడ్‌లు చదివే స్కానర్ పెట్టి, అది చూపిన సెన్సారునల్లా మార్చేయడం మొదలైంది. వోల్టేజీ తగ్గితే కంప్యూటరు అనేక సెన్సార్ల మీద తప్పుడు ఫిర్యాదులు నమోదు చేస్తుంది. వాటి మధ్య వోల్టేజీ తక్కువగా ఉందని చెప్పే ‘పీ0562’ అనే కోడ్ ఉంటే, ముందు బ్యాటరీ, ఛార్జింగు, ఎర్త్ చూడమని దాని అర్థం.

రెండు జిల్లాల మెకానిక్ సంఘాలకు నా విన్నపం ఒక్కటే. బ్యాటరీ గానీ సెల్ఫ్ గానీ ఆల్టర్నేటర్ గానీ మార్చే ముందు పైన చెప్పిన మూడు వోల్టేజీలు, ఎర్త్ దగ్గర పడిపోతున్న వోల్టు బిల్లు మీద రాసి ఇవ్వాలి. ఐటీఐలలో కూడా పిల్లలకు బోర్డు మీద సర్క్యూట్ గీయించడంతో సరిపెట్టకుండా, చిలుము పట్టిన పాత పట్టీని బండికి బిగించి, లోపం వాళ్లచేతనే పట్టించాలి. రాసి ఇవ్వడానికి షెడ్డువారు ఒప్పుకోకపోతే, పాత భాగం విప్పనివ్వకముందే కొలిచి చూపించమని యజమానులు అడగవచ్చు.

భవదీయుడు,
విశ్రాంత ఐటీఐ బోధకుడు,
నరసన్నపేట, శ్రీకాకుళం జిల్లా.