శాసనమండలికి ఉన్న పాటి రక్షణ రాష్ట్రానికి లేదు

ఎడిటర్ గారికి నమస్కారం.

ఈ మధ్య మీ పత్రికలో రాజ్యాంగం మీద వచ్చిన వ్యాసం చదివాను. అమెరికా వాళ్లు 1789 నుంచి 27 సవరణలతో నెట్టుకొస్తుంటే మనం 2023 నాటికే 106 చేశాం, కాబట్టి మనది మరీ మెత్తటి రాజ్యాంగం అని రచయిత తేల్చేశారు. నేను ఖమ్మంలో గ్రూప్స్ పిల్లలకు పాలిటీ చెబుతాను, ఈ లెక్క ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు తెస్తారు. లెక్క కరెక్టే కానీ దాన్నిబట్టి తేలేదేమీ లేదు. ఏ సవరణ ఏ దారిలో వచ్చింది, ఏది ఎంత సులువు, ఏది ఎంత కష్టం, అది చూడాలి కదా.

దృఢ రాజ్యాంగం అంటే మార్చడం కష్టమైనది, అదృఢ రాజ్యాంగం అంటే సులువుగా మారేది, వాటి గుణదోషాలు అని పుస్తకాల్లో రెండు వరసలు రాసి ఉంటాయి, పిల్లలు అవే బట్టీ పడతారు. బ్రిటన్‌లో రాజ్యాంగం అంటూ ఒక్క పుస్తకం లేదు, మామూలు చట్టంతోనే ఏదైనా మార్చుకోవచ్చు. ముందస్తు ఎన్నికకు మూడింట రెండొంతుల ఎంపీలు ఒప్పుకోవాలని 2011లో చట్టం చేసుకున్నారు. 2019 అక్టోబర్‌లో ప్రధాని బోరిస్ జాన్సన్‌కు అంత మద్దతు రాలేదు. మర్నాడే, మామూలు మెజారిటీ చాలే చిన్న బిల్లొకటి పెట్టి అక్కడి దిగువ సభ కామన్స్‌లో గట్టెక్కించుకున్నారు, డిసెంబర్‌లో ఎన్నికలు జరిగిపోయాయి. పని అయిపోయింది, నిజమే, కానీ అలాంటి చోట ఏ రక్షణా ఎక్కువ రోజులు నిలవదు. అమెరికాది దీనికి పూర్తిగా తలకిందులు. స్త్రీపురుషుల సమాన హక్కుల సవరణను అక్కడి కాంగ్రెస్ 1972లో పాస్ చేసింది, గడువులోగా కావాల్సిన 38 రాష్ట్రాలు ఒప్పుకోలేదు, అది ఇవాళ్టికీ రాజ్యాంగంలోకి ఎక్కలేదు. అంత గట్టిదనం మనకు కావాలా?

పోనీ గట్టి దారి పెట్టుకుంటే చాలు రక్షణ ఉన్నట్టే అనుకుందామా అంటే, మన 39వ సవరణ ఉంది. 1975 ఆగస్టు, ఎమర్జెన్సీ. ప్రధాని ఎన్నిక మీద కోర్టులు విచారించకూడదని 7న లోక్‌సభలో బిల్లు పెట్టి అదే రోజు పాస్ చేశారు, 8న రాజ్యసభ, 9న రాష్ట్రాల అసెంబ్లీలు, 10న రాష్ట్రపతి సంతకం. 11న సుప్రీంకోర్టులో ఇందిరాగాంధీ ఎన్నిక కేసు విచారణ! సగం రాష్ట్రాల ఆమోదం కావాల్సిన, అన్నిటికన్నా కష్టమైన దారి అది, నాలుగు రోజుల్లో దాటేశారు. చివరికి దాన్ని ఆపింది, రాజ్యాంగం మౌలిక స్వరూపాన్ని సవరణతో కూడా మార్చకూడదన్న 1973 నాటి సుప్రీంకోర్టు కేశవానంద భారతి తీర్పే.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. మన రాజ్యాంగంలో అన్నిటికన్నా మెత్తటి చోటు 106 లెక్కలో కనబడనే కనబడదు. అది 3వ అధికరణం. కొత్త రాష్ట్రం ఏర్పాటు, ఉన్నదాన్ని విడదీయడం, సరిహద్దు మార్చడం, ఇవన్నీ పార్లమెంటు మామూలు మెజారిటీతో చేసేయవచ్చు, దాన్ని రాజ్యాంగ సవరణగా లెక్కించరు కూడా. సంబంధిత రాష్ట్రం అసెంబ్లీ అభిప్రాయం అడగాలి, అంతే. అది వద్దన్నా పట్టించుకోనక్కర్లేదు. ఆ అభిప్రాయానికి గడువు పెట్టే అధికారం 1955లో 5వ సవరణతో వచ్చింది.

దీని పక్కన 169వ అధికరణం పెట్టి చూడండి. శాసనమండలిని రద్దు చేయాలంటే ముందు అసెంబ్లీయే తీర్మానం చేయాలి, హాజరై ఓటేసినవాళ్లలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో 1985లో మండలి పోయినా, 2007లో తిరిగొచ్చినా, 2020లో రద్దు తీర్మానం చేసి 2021లో వెనక్కి తీసుకున్నా, మొదటి మాట అసెంబ్లీదే. అంటే రాష్ట్రంలోని ఒక సభను తీసేయాలంటే ఆ రాష్ట్రం ఒప్పుకోవాలి, రాష్ట్రాన్నే రెండు చేయాలంటే అడిగితే సరిపోతుంది. విచిత్రంగా లేదూ?

2014 జనవరి 30న ఉమ్మడి అసెంబ్లీ విభజన బిల్లును మూజువాణి ఓటుతో తిప్పికొట్టింది, ఫిబ్రవరిలో పార్లమెంటు రెండు సభలూ మూజువాణి ఓటుతోనే పాస్ చేశాయి. ఇక్కడికి రాగానే మా క్లాసులో గొడవ మొదలవుతుంది, ఎందుకంటే రెండు వైపుల పిల్లలూ ఉంటారు. అన్యాయం అంటారు అటువాళ్లు. ఇటువాళ్ల మాటా తీసిపారేసేది కాదు: అసెంబ్లీ ఒప్పుకుంటేనే అని రాసి ఉంటే, 294 మందిలో తెలంగాణ వాళ్లు 119 మందే, తెలంగాణ ఏనాటికీ వచ్చేది కాదు. ఆ మెత్తదనమే మా కోరిక తీర్చింది, ఒప్పుకుంటాను. కానీ అదే దారి వెంటనే మా జిల్లాకే ఎదురు తిరిగింది. పోలవరం ముంపు పేరుతో ఖమ్మం జిల్లా మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపే ఆర్డినెన్స్, తెలంగాణ అసెంబ్లీ ఒక్కసారైనా కూర్చోకముందే వచ్చేసింది, జూలైలో చట్టమైంది. భద్రాచలం రాముడి గుడి తెలంగాణలో, పురుషోత్తపట్నంలోని గుడి భూములు ఆంధ్రలో. ఇక 2019లో జమ్మూ కశ్మీర్‌ను విడదీసిన సంగతి మరీ ఘోరం, రాష్ట్రపతి పాలనలో అసెంబ్లీయే లేదు, దాని తరఫున అభిప్రాయం కూడా పార్లమెంటే చెప్పేసింది.

రాష్ట్రాలకు వీటో ఇవ్వమని నేను అనను. అమెరికాలో ఉన్న రాష్ట్రం నుంచి కొత్త రాష్ట్రం చేయాలంటే పాతదాని శాసనసభ ఒప్పుకోవాలి, ఆ నియమం ఉండగానే అంతర్యుద్ధం నడుమ 1863లో వర్జీనియా నుంచి వెస్ట్ వర్జీనియాను విడదీశారు, ఒప్పుకున్న శాసనసభ తిరుగుబాటు వర్జీనియాది కాదు, యూనియన్‌తో, అంటే కేంద్ర ప్రభుత్వంతో ఉన్నవాళ్లు వేరే పెట్టుకున్నది! అలాంటి షరతు పెట్టినా దొడ్డిదారి వెతుక్కుంటారు. నేనడిగేది చిన్నది. రాష్ట్రాల సరిహద్దు మార్చే బిల్లుకు పార్లమెంటులో మూడింట రెండొంతుల మెజారిటీ కావాలని 3వ అధికరణంలో రాయాలి, అసెంబ్లీ లేని సమయంలో అలాంటి బిల్లు పెట్టకూడదు, మూజువాణి ఓటు కాకుండా ఏ ఎంపీ ఎటు వేశాడో రికార్డులో ఉండాలి. రెండు రాష్ట్రాల ఎంపీలను ఈ మూడింటి మీదా మీ పత్రిక అడిగి, వాళ్లిచ్చిన జవాబులు అచ్చు వేస్తే బాగుంటుంది.

ఇట్లు,
ఒక పాలిటీ మాస్టారు, ఖమ్మం