ఈ నెల మనోళ్లు వింటున్న జాజ్, వాపసు వస్తున్న రికార్డులు: షాపు నుంచి కొన్ని ముచ్చట్లు

అన్నలకు, అక్కలకు నమస్తే. హన్మకొండ, కాజీపేట, కరీంనగర్, మంచిర్యాల దిక్కు నుంచి మన దగ్గర రికార్డులు తీసుకునేటోళ్లందరి కోసం రాస్తున్నం. "ఇప్పుడు ఇంట్ల ఏ ఆల్బమ్ తిరుగుతున్నది?" అని అడిగితే మీరు పంపిన పేర్లు, "ఇది ఖరాబున్నది" అని మీరు వాపసు తెచ్చిన రికార్డుల పేర్లు పక్కపక్కన పెట్టి చూసినం. రెండూ దాదాపు ఒకటే. షాపుల మా డెక్ (రికార్డ్ ప్లేయర్) మీద వేస్తే వాటిల చాలామట్టుకు మంచిగనే పాడుతున్నయి. లోపం రికార్డుది కాదు, ఇంట్ల సెట్టింగుది.

అందుకని ఇకనుంచి వాపసు తీసుకునే ముందు మీ ఎదురుంగనే రెండు వైపులా వేసి చూస్తం. మా డెక్ మీద గూడ అదే చప్పుడు వస్తే కొత్తది ఇస్తం, లేకుంటే పైసలు ఇస్తం. రాకపోతే రికార్డు మీతోనే ఉంటది. మీ డెక్ తెస్తే సెట్ చేసిస్తం, దానికి ఛార్జీ లేదు. దూరమున్నోళ్లు వచ్చే ముందు ఇంట్లనే చూసుకోవాల్సినవి కింద రాస్తున్నం.

అందరికంటె ఎక్కువ మంది రాసింది మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ', 1959ది. దీని మీద ఫిర్యాదంతా శ్రుతి గురించే. ఇందుల ఒక నిజమైన సంగతి ఉన్నది. ఆ ఏడు మార్చి 2న మొదటి వైపు మూడు పాటలు రికార్డు చేసిన టేప్ మిషన్ కొంచెం మెల్లగ తిరిగింది. దాంతోని మామూలు వేగంల వేస్తే ఆ మూడూ కొద్దిగ పై శ్రుతిల వినిపిస్తయి. 1990లల్ల వచ్చిన ఎడిషన్ల నుంచి దీన్ని సరిచేసిండ్రు. పాత ప్రెస్సింగు (అచ్చు)తోని కలిసి కీబోర్డో సాక్సఫోనో వాయించేటోళ్లకు తేడా తెలుస్తది. కాని మీలో ఎక్కువ మంది అంటున్నది శ్రుతి దిగిందని. రెండో వైపు గూడ అట్లనే ఉంటే అది మీ డెక్ వేగం.

అమెరికల ఉన్న పిల్లలు పంపిన పాత డెక్‌లతోని ఇది బాగ అయితున్నది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ 230 వోల్టులను 120కి దించుతది గాని, కరెంటు ఫ్రీక్వెన్సీని ముట్టుకోదు. అక్కడ 60 హెర్ట్జ్, మన దగ్గర 50. ఏసీ సింక్రనస్ మోటరు (కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టి తిరిగేది) ఉన్న డెక్ అయితే నిమిషానికి 33⅓ చుట్లు తిరగాల్సింది 27.8 దగ్గరనే ఆగుతది. శ్రుతి మూడు స్వరస్థానాలు దిగుతది. ఆ మోడల్‌కు 50 హెర్ట్జ్ పుల్లీ (మోటరుకు ఉండే చిన్న చక్రం) దొరికితే అది మార్చుడే దారి. డీసీ మోటరు డెక్‌లకు ఈ బాధ లేదు. వేగం చూసుకునే స్ట్రోబ్ డిస్క్ (వేగం సరిగుంటే తిరుగుతున్నా గీతలు నిలబడ్డట్టు కనిపించే బిళ్ల) గూడ మన కరెంటుకు సరిపోయేదే కావాలె. 33⅓కు 180 గీతలున్నది మనది, 216 గీతలున్నది అమెరికది. ఎల్ఈడీ లైటు కింద గీతలు సరిగ నిలబడవు, చోక్ ఉన్న ట్యూబ్‌లైట్ కింద చూడుండ్రి.

అదే వైపు మూడో పాట 'బ్లూ ఇన్ గ్రీన్' ఇంకో పరీక్షకు పనికొస్తది. బిల్ ఎవాన్స్ పియానో స్వరం సాగిన చోట అల లెక్క ఊగుతున్నదా వినుండ్రి. ఊగితే అప్పుడు ఆర్మ్ (సూదిని మోసే చేయి) దిక్కు చూడుండ్రి. చుట్టుచుట్టుకూ ఆర్మ్ ఎడమకు కుడికి కదులుతుంటే రికార్డు నడిమి రంధ్రం పక్కకు పడ్డట్టు. అది ఫ్యాక్టరీ తప్పు, తీసుకొస్తే మార్చిస్తం. ఆర్మ్ నిలకడగ ఉండి స్వరమే ఊగుతుంటే మీ బెల్టు సాగింది.

డేవ్ బ్రూబెక్ 'టైమ్ అవుట్' కూడ 1959దే. మృదంగం, తబలా నేర్చుకున్న పిల్లలు దీన్ని ఇష్టంగ వింటున్నరు. 'టేక్ ఫైవ్' అయిదు దెబ్బల నడక మనోళ్లకు ఖండచాపుతోని వెంటనే అందుతది. 'బ్లూ రోండో' తొమ్మిదిని రెండు, రెండు, రెండు, మూడుగ లెక్కపెట్టుకుంటే దారి తప్పరు. ఫిర్యాదు మాత్రం ఒకటే: జో మోరెల్లో డ్రమ్ములు గట్టిగ పడేకాడ సూది ఎగురుతున్నదని. వచ్చిన డెక్‌లల్ల ఎక్కువ వాటికి సూది మీద బరువు తక్కువ పెట్టి ఉన్నది. తక్కువ బరువుంటే రికార్డు అరగదనుకోవద్దు. పట్టు లేని సూది గాడి గోడలకు కొట్టుకుంటది, నష్టం ఎక్కువయ్యేది అప్పుడే. ఆడియో టెక్నికా వీఎం95ఈ కార్ట్రిడ్జ్‌కు (ఆర్మ్ చివర సూది ఉండే భాగం) 2 గ్రాములు పెట్టాలె, 1.8 నుంచి 2.2 దాకా నడుస్తది. ఆర్టోఫాన్ 2ఎం రెడ్‌కు 1.8.

ముందుగల యాంటీ స్కేటింగ్‌ను (ఆర్మ్ లోపలికి గుంజుకపోకుండ ఆపేది) సున్నకు తెచ్చి, వెనుక బరువు తిప్పుకుంట ఆర్మ్ గాలిల అడ్డంగ నిలబడేటట్టు చేయాలె. అక్కడ అంకెల రింగును మాత్రమే సున్నకు తిప్పాలె. తర్వాత బరువు, రింగు కలిపి మీ కార్ట్రిడ్జ్ అంకె (2 లేకుంటే 1.8) దాకా తిప్పి, యాంటీ స్కేటింగ్ గూడ అదే అంకెకు పెట్టాలె. రింగు అంకెను పూర్తిగ నమ్మకుండ్రి. 0.01 గ్రాము చూపించే చిన్న కాటా మీద ఒకసారి తూచుండ్రి, కాటా పళ్లెం రికార్డు ఎత్తులనే ఉండాలె. సూట్‌కేస్ ప్లేయర్లల్ల సిరామిక్ కార్ట్రిడ్జ్ ఇంతకు రెండింతలు దాటి నొక్కుతది, తగ్గించే వీలుండదు. ఎంత మంది అడిగినా అవి తెప్పియ్యం.

జాన్ కోల్ట్రేన్ 'ఎ లవ్ సుప్రీమ్' (1965) రెండో వైపు చివర ఉన్న 'సామ్' దగ్గర సాక్సఫోన్ గరగరలాడుతున్నదని చాలామంది రాసిండ్రు. రికార్డు బయటి అంచుల గాడి సూది కింద సెకనుకు దాదాపు 51 సెంటీమీటర్లు పోతది, లోపలికి వచ్చేసరికి 21కి పడిపోతది. అదే ధ్వని అంత తక్కువ జాగల ఇరుక్కుంటది కాబట్టి కార్ట్రిడ్జ్ రవ్వంత వంకర ఉన్నా ముందుగ బయటపడేది అక్కడనే. ప్రొట్రాక్టర్ కాగితం (కార్ట్రిడ్జ్ తిన్నగున్నదా చూసే గీతల కాగితం) వంద శాతం సైజుల ప్రింట్ తీసి, స్కేలుతోని కొలిచి, నడిమి నుంచి 66, 121 మిల్లీమీటర్ల రెండు బిందువుల దగ్గర గూడ కార్ట్రిడ్జ్ గీతలకు సమాంతరంగ నిలబడేదాకా స్క్రూలు వదులు చేసి జరపాలె. ఓపిక పట్టాల్సిన పని, తొందరపడొద్దు. ఇదంతా చేసినా గరగర పోకపోతే సూది అరిగినట్టు. వీఎం95ఈ సూదికి కంపెనీ చెప్పే ఆయుష్షు 300 గంటలు. రోజుకొక రికార్డు రెండు వైపులా వింటే ఏడాదిల 240 గంటలు దాటుతయి.

'శక్తి' మొదటి ఆల్బమ్ (1976) రాసినోళ్లు ఈసారి మస్తుగ పెరిగిండ్రు. జాన్ మెక్‌లాఫ్లిన్ గిటార్, ఎల్. శంకర్ వయొలిన్, జాకిర్ హుస్సేన్ తబలా, విక్కు వినాయక్‌రామ్ ఘటం. మన పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్ వాయించింది తర్వాత వచ్చిన 'రిమెంబర్ శక్తి'ల, ఇందుల కాదు. ఘటం మీద గోటి దెబ్బలేవో, దుమ్ము చిటపటలేవో తెలవాలంటే రికార్డు శుభ్రంగ ఉండాలె. ఇప్పుడు ఎనుమాముల మార్కెట్‌కు పత్తి బండ్లు పోయే కాలం. రోడ్డు పక్క ఇండ్లల్ల సన్నటి దూది పోగులు రికార్డు మీద వాలి, సూది చివర చిన్న ఉండ కడుతున్నయి. పాట సగంల ఉన్నట్టుండి మొద్దుబారితే అదే. సూదిని వెనుక నుంచి ముందుకే తుడవాలె, పక్కలకు తుడిస్తే కాంటిలివర్ (సూదిని పట్టుకున్న సన్నటి కడ్డి) విరుగుతది.

రికార్డు వేసే ముందు తిరుగుతుండంగ కార్బన్ బ్రష్ రెండు మూడు చుట్లు ఆనిస్తే చాలు. మురికి ఎక్కువున్నదానికి 900 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్, 100 మిల్లీలీటర్ల ఐసోప్రొపైల్ ఆల్కహాల్, రెండు చుక్కల గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి, మెత్తటి మైక్రోఫైబర్ బట్టతోని గాడి వెంబడి గుండ్రంగ తుడిచి, ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తోని మళ్లొకసారి తుడవాలె. లేబుల్ తడవొద్దు. బోరు నీళ్లు వాడితే ఉప్పు గాడిల్నే ఎండి మిగులుతది. శానిటైజర్ అసలే వద్దు. తాతల నాటి 78 చుట్ల లక్క రికార్డులకు ఆల్కహాల్ తగిలితే పాడైతయి, వాటికి ఈ కలుపు వాడొద్దు.

హెర్బీ హాంకాక్ 'హెడ్ హంటర్స్' (1973) వేస్తే గూ అని మోత వస్తున్నదన్నోళ్లు స్పీకర్లను డెక్ ఉన్న టేబుల్ మీది నుంచి దించుండ్రి, మోత అక్కడనే ఆగుతది.

ధరల గురించి. 'కైండ్ ఆఫ్ బ్లూ', 'టైమ్ అవుట్', కోల్ట్రేన్ 'బ్లూ ట్రేన్' మన ర్యాకుల రెండేసి ధరలల్ల ఎందుకున్నయని అడుగుతున్నరు. 1963కు ముందు విడుదలైన రికార్డింగుల మీద యూరప్‌ల కాపీరైటు అయిపోయింది. అక్కడ ఎవరైనా అచ్చేసుకోవచ్చు. తక్కువ ధరవి అట్ల వచ్చినవే, వాటిల చాలావాటికి అసలు టేపు అందదు, సీడీ నుంచో డిజిటల్ ఫైల్ నుంచో కట్ చేస్తరు. వినడానికి చెడ్డగ ఉండవు, కొత్తగ మొదలుపెట్టేటోళ్లకు సరిపోతయి. కాని అసలు కంపెనీ ప్రెస్సింగుతోని సమానమని చెప్పి అమ్మం. ఈ వారం నుంచి ప్రతి కవరు మీద ఏది ఎక్కడిదో స్టిక్కర్ ఉంటది. 'ఎ లవ్ సుప్రీమ్' 1965ది కాబట్టి ఆ సౌలత్ దానికి లేదు, దాని ధర తగ్గదు.

వచ్చే ఆర్డర్ల ఆలిస్ కోల్ట్రేన్ 'జర్నీ ఇన్ సచ్చిదానంద' (1971) పెడుతున్నం. హార్ప్, తంబూర, ఫేరో సాండర్స్ సాక్సఫోన్ కలిసిన ఆల్బమ్, శక్తి నచ్చినోళ్లు తప్పక వినుండ్రి. కావాల్సినోళ్లు పేరుతోపాటు మీ డెక్ మోడల్, కార్ట్రిడ్జ్ పేరు గూడ రాసి పంపుండ్రి. సూది మార్చే సమయమొచ్చిన డెక్ అయితే అదే పార్సిల్‌ల సూది గూడ తెప్పిస్తం.