ఫిలిప్పీన్స్‌లోని దవావో నగరంలో మన తెలుగు సంఘం: 2024–25 వార్షిక నివేదిక

అధ్యక్షులకు, కార్యవర్గ మిత్రులకు, పెద్దలకు, వైద్య విద్యార్థులకు నమస్కారం.

ఏడాది పనుల వివరం సర్వసభ్య సమావేశం ముందు పెట్టాలని నియమావళి చెబుతోంది. సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు మళ్లీ చెప్పనక్కరలేదు. నేరుగా విషయానికి వస్తాను.

వినాయక చవితి, బతుకమ్మ, దీపావళి, సంక్రాంతి యథావిధిగా జరిగాయి. తంగేడు, గునుగు ఇక్కడ దొరకకపోయినా చామంతులు, ఆర్కిడ్లతోనే బతుకమ్మను పేర్చిన అమ్మాయిలకు అభినందనలు. ఇక్కడి మస్కొవాడో చక్కెరతో అరిసెలు వండి పెట్టిన అమ్మలకు ప్రత్యేక కృతజ్ఞతలు. బెల్లం లేదని చేతులు ముడుచుకోని వాళ్లు మన సంఘంలో ఉన్నారంటే వారే. కొత్తగా వచ్చిన విద్యార్థులకు గదులు వెతికిపెట్టిన, వీసా కాగితాలు రాసిపెట్టిన సీనియర్లకు, వంటపాత్రలు అరువిచ్చిన మెస్ నిర్వాహకులకు, పొద్దుపోయాక కూడా పిల్లల్ని వాహనంలో ఇళ్లకు దింపిన మన మాజీ అధ్యక్షులు గారికి ధన్యవాదాలు.

ఇక ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవాల్సిన పని ఉగాది నాడు, మార్చి 30న జరిపిన నేత, హస్తకళల ప్రదర్శన. పండగ రోజున ఫిలిప్పీన్స్ బట్టలు చూపించడమేమిటని కార్యవర్గంలోనే కొందరు అడిగారు. మన దవావో ఉన్న ఈ మిందనావో దీవిలో ఏళ్ల తరబడి చదివి, ఇంటికి వెళ్లే రోజు హడావిడిగా అచ్చు వేసిన పాలియెస్టర్ సంచి కొని, తినాలక్ నేత అని చెప్పి అమ్మ చేతిలో పెట్టేవాళ్లను ఏటా చూస్తూనే ఉన్నాం. అసలు తినాలక్ ఇక్కడికి కొన్ని గంటల దూరంలోని లేక్ సెబు కొండల్లో నేస్తారు. మనం తింటున్న అన్నం ఈ నేలది. ఈ నేల మీది నేతను ఒక్కసారైనా తాకి చూడాలి కదా అన్నదే మా వాదన. చివరికి అందరూ ఒప్పుకున్నారు.

ఉత్తరం నుంచి మొదలుపెట్టి దక్షిణం దాకా బల్లలు వేశాం. మొదటి బల్ల మీద ఇలోకోస్ ప్రాంతపు ఇనాబెల్ నూలు దుప్పట్లు. తర్వాత అక్లాన్ రాష్ట్రంలోని కలీబో పట్టణం పేరుతో పిన్యా, అంటే అనాస ఆకు నారతో నేసిన బట్ట. ఆకు మీది ముతక నారను పగిలిన పింగాణీ పళ్లెం ముక్కతో గీకి తీస్తారని, లోపలి సన్న నారకు కొబ్బరి చిప్ప వాడతారని మన విద్యార్థిని ఒకరు నిజంగానే ఆకు గీకి చూపించారు. జనం ఎక్కువసేపు నిలబడింది అక్కడే. ఈ నేతను 2023లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది. పక్కనే లగూనా రాష్ట్రం లుంబాన్ పట్టణపు కుట్టుపనితో ఒక బారోంగ్ చొక్కాను వేలాడదీశాం. పెళ్లిళ్లలో అద్దెకు తెచ్చుకునే బారోంగ్ తప్ప మరొకటి చూడని వారు దాని దగ్గర ఆగి వేలితో తడిమారు. తడమవద్దని అక్కడ బోర్డు పెట్టాం. తెలుగులోనే పెట్టాం.

మన దీవికి వస్తే మరానావ్ తెగ వారు కట్టుకునే గొట్టం లాంటి బట్ట మలోంగ్, దాని మీద ఓకిర్ అనే తీగల నమూనా పట్టీలు, బసిలాన్ నుంచి వచ్చి జంబోవాంగాలో స్థిరపడిన యాకన్ తెగ నేతగాళ్ల తలగుడ్డ సెపుతాంగన్, అబాకా నారతో మందాయా తెగ వారు నేసే దగ్మాయ్, బగోబో తెగ వారు నేసే ఇనాబల్ అన్నీ ఉంచాం. ఇనాబల్ దగ్గర సలింతా మోనోన్ గారి గురించి ఒక పలక రాయించాం. ఆవిడ మన పక్కనే, దవావో దెల్ సూర్‌లోని బన్సలాన్ మనిషి. మొసలి నమూనా నేయడంలో ఆవిడకు పెట్టింది పేరు. 1998లో లేక్ సెబుకు చెందిన లాంగ్ దులాయ్ గారితో పాటు ఆమెకు ఫిలిప్పీన్స్ ప్రభుత్వం జానపద కళాకారులకిచ్చే అత్యున్నత గౌరవం దక్కింది. ఇద్దరూ ఇప్పుడు లేరు. ఇక్కడ చదువుకుంటున్న మనలో ఎంతమందికి ఆ పేర్లు తెలుసు? చేతులెత్తమంటే ఎవరూ ఎత్తలేదు.

అసలు సందడి తినాలక్ బల్ల దగ్గర. లేక్ సెబు నుంచి తిబోలి తెగకు చెందిన ఒక నేతకారిణి, ఆవిడ మేనకోడలు వచ్చారు. పిల్లలంతా ఆవిడను నానాయ్, అంటే అమ్మ అని పిలిచారు, మేమూ అలాగే పిలిచాం. తినాలక్‌కు నార అబాకా చెట్టుది. అది అరటి జాతిదే, కానీ దాన్ని పెంచేది కాయ కోసం కాదు, కాండం పొరల్లోని నార కోసం. చిన్నప్పుడు బళ్లో మనీలా నార అని చదువుకున్నది దీన్నే. ఆ నారను వడకరు. పోగు కొసకు పోగు కలిపి వేళ్లతో ముడివేసి, మిగిలిన తోకను చిన్న కత్తితో కోసేస్తారు. నానాయ్ మాట్లాడుతూనే ముడులు వేస్తూ పోయారు. వేసిన ముడి ఎక్కడుందో మా కంటికి ఆనలేదు. తర్వాత పడుగును వెదురు చట్రానికి బిగించి, రంగు అంటకూడని చోటల్లా దారంతో కట్టి, రంగులో ఉడకబెడతారు. నలుపు మన తునికి చెట్టు జాతికి చెందిన క్నాలుమ్ ఆకుల నుంచి, ఎరుపు మన తొగరు చెట్టు జాతి వేరు నుంచి వస్తుంది. కట్టిన చోట నార రంగు నారకే మిగులుతుంది. నేసిన బట్టను చివర గవ్వతో రుద్ది నిగనిగలాడేలా చేస్తారు. నమూనాలు కలలో కనిపిస్తాయని, అబాకాకు అధిదేవత ఫు దలు వాటిని ఇస్తుందని తిబోలి వారి నమ్మకం.

ఎదురు బల్ల మీద మన పోచంపల్లి చీరలు, ఒక సభ్యురాలు నాయనమ్మ పెట్టెలోంచి తెచ్చిన తేలియా రుమాలు ఉంచాం. నానాయ్ లేచి వచ్చి రుమాలును అటూ ఇటూ తిప్పి చూశారు. పడుగుకు మాత్రమే కాదు, పేకకూ చిటికి, అంటే దారపు కట్లు కట్టి రంగు వేస్తారని మన వాళ్లు వివరించబోతుంటే చేత్తో ఆపి, బట్ట గళ్లలో పడుగు, పేక కలిసే చోటును గోటితో చూపించారు. ఆవిడకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు. నూనెలో, ఆముదపు కాయల బూడిదలో నానబెట్టిన నూలు అది. వాసన చూసి నవ్వారు. ఎరుపు, నలుపు, తెలుపు: ఆ రుమాలుకూ, తినాలక్‌కూ అవే మూడు రంగులు. ఆ రుమాళ్లు నేసే పుట్టపాకకూ లేక్ సెబుకూ నడుమ ఎన్ని సముద్రాలున్నాయో లెక్కపెట్టుకోండి.

కోరమాండల్ రేవుల నుంచి నూలు బట్టలు మనీలాకు, అక్కడి నుంచి స్పెయిన్ వారి గాలియన్ ఓడల్లో మెక్సికోలోని అకపుల్కోకు వెళ్లిన సంగతిని విద్యార్థులు పటం గీసి గోడకు పెట్టారు. పటం బాగుంది, మచిలీపట్నం కాస్త ఒంగోలు వైపు జరిగింది. మైనపు నమూనా కరిగించి పోత పోసిన తిబోలి వారి ఇత్తడి గంటల పక్కన ఆదిలాబాద్ ఓజా కళాకారుల ఇత్తడి బొమ్మలు పెట్టాలన్న ఆలోచన మన ఉపాధ్యక్షురాలు గారిది. ఆ రెండింటినీ పోత పోసిన చేతులు వేరు, పద్ధతి ఒకటే. ఆ బల్ల ముందు ఫొటోలు దిగిన వారికి లెక్కలేదు.

ఒక సంఘటన నమోదు చేయక తప్పదు. వేదిక అలంకరణ చూస్తున్న కుర్రాళ్లు మామిడాకుల తోరణం కింద పట్టీ కడదామని తినాలక్ ముక్కను కత్తిరించబోయారు. నానాయ్ కేక వేశారు. ఆ బట్టను కత్తిరిస్తే జబ్బు చేస్తుందని, దాన్ని దాటి నడవకూడదని, అమ్మేటప్పుడు దేవత కోపగించకుండా ఇత్తడి ఉంగరం ఒకటి కట్టి ఇస్తారని మేనకోడలు వివరించింది. కుర్రాళ్లు కత్తెర పక్కన పెట్టేశారు. సంఘం కోసం మనం కొన్న తినాలక్‌కూ ఆవిడ ఉంగరం కట్టి ఇచ్చారు. అది కార్యాలయం గోడ మీద ఉంది. ఉంగరాన్ని ఎవరూ విప్పవద్దని, బట్ట మీద క్యాలెండర్ మేకు కొట్టవద్దని కార్యవర్గం తీర్మానించింది.

ఆవిడ చెప్పిన ధర మీద బేరమాడిన సభ్యులు కొందరున్నారు. పేర్లు రాయను. నెలల పని అది. బేరం చేపల బజారులో చేసుకోవచ్చు.

ఇప్పుడు చెప్పడానికి ఇబ్బందిగా ఉన్నా చెప్పాల్సిన మాట. ఫోన్ గ్రూపులో బొటనవేలు గుర్తు పెట్టినవారంతా స్వచ్ఛందంగా వచ్చి ఉంటే హాలు చాలేది కాదు. వచ్చింది పిడికెడు మంది. బల్లలు మోసింది, ఊడ్చింది, రాత్రి సరుకు సర్దింది వారే. మరునాడు పరీక్ష ఉన్నవాళ్లు కూడా అందులో ఉన్నారు. పరీక్ష లేని వాళ్లు భోజనాల వేళకు సరిగ్గా వచ్చారు, అందుకు కృతజ్ఞతలు. హాలు అనుమతి కోసం ఒక కార్యాలయం ఆఖరి రోజు వరకు మనల్ని తిప్పింది. ప్రారంభానికి వస్తానని మాటిచ్చిన అధికారి గారి కుర్చీ సాయంత్రం దాకా ఖాళీగానే ఉంది. ఆయన పేరు వేయించిన ఫ్లెక్సీ డబ్బు మాత్రం సంఘమే కట్టింది.

లెక్కల సంగతి. ఆదాయ వ్యయాల పట్టిక వెనుక జతచేశాం. ఆడిటర్ గారు సంతకం చేశారు. ప్రదర్శన ఖర్చు అనుకున్నదానికన్నా పెరిగింది, ఎక్కువ భాగం కళాకారుల ప్రయాణానికి, బసకు వెళ్లింది. దాని మీద మాకు విచారం లేదు. సభ్యత్వ రుసుము బకాయిలు అలాగే ఉన్నాయి. సందేహాలుంటే కోశాధికారి గారిని అడగవచ్చు, ఆయన ఈ రోజు ఊళ్లోనే ఉన్నారు.

వచ్చే ఏడాదికి రెండు ప్రతిపాదనలు. ఆగస్టు 7, భారత జాతీయ చేనేత దినం నాడు సభ్యులంతా చేనేతే కట్టుకుని రావాలి, మన నేతైనా సరే, ఈ నేల నేతైనా సరే. ప్రభుత్వోద్యోగుల దుస్తుల్లో దేశీయ నార బట్టలు ఉండాలని ఫిలిప్పీన్స్ 2004లో చట్టమే చేసుకుంది. మనం ఒక రోజుకు చేయలేమా? రెండోది, కొత్తగా వచ్చే విద్యార్థులను ఏటా ఒకసారి లేక్ సెబుకు తీసుకెళ్లి నేతగాళ్ల దగ్గరే కొనిపించడం. బస్సు ఏర్పాటుకు బాధ్యుల పేర్లు కావాలి. కాగితం వెనుక వరుసకు తిరుగుతోంది. పేరుతో పాటు ఫోను నంబరు కూడా రాయండి, ఫోను చేస్తే ఎత్తండి.

నివేదికను ఆమోదించవలసిందిగా సభను కోరుతున్నాను.

కార్యదర్శి