దుబ్రోవ్కా మెట్ల మీద జరిగింది కూడా రాయండి

సంపాదకులు గారికి నమస్కారాలు.

పోయిన ఆదివారం ఉగ్రవాదుల్ని ఎదుర్కొనే రష్యా కమాండో దళం ‘ఆల్ఫా’ మీద మీరు వేసిన వ్యాసం రెండుసార్లు చదివాను. శ్రమపడి రాశారు. కానీ మాస్కోలోని దుబ్రోవ్కా థియేటర్ దగ్గరికొచ్చేసరికి, మత్తు వాయువు వదిలి ఉగ్రవాదులందరినీ మట్టుబెట్టారని ఒక్క వాక్యంలో ముగించేశారు. నేను 31 ఏళ్లు ఆపరేషన్ థియేటర్లో, రికవరీ రూములో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. సొంతూరు మదనపల్లె, ఇప్పుడుండేది బెంగళూరు యలహంకలో. మత్తులో ఉన్న మనిషిని కనిపెట్టుకుని కూర్చోవడమే నా ఉద్యోగం. అందుకే ఆ వాక్యం దగ్గర మనసొప్పక ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ దళాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. 1972లో మ్యూనిక్ ఒలింపిక్స్‌లో ఇజ్రాయెల్ క్రీడాకారుల్ని చంపాక ఇలాంటి దళాల అవసరం అందరికీ తెలిసొచ్చింది. సోవియట్ గూఢచారి సంస్థ కేజీబీ అధిపతి యూరీ ఆంద్రోపోవ్ 1974 జూలైలో దీన్ని పెట్టించాడు. మొదట 30 మందే. 1979లో కాబూల్‌లో అఫ్ఘనిస్తాన్ అధినేత అమీన్ భవనం మీద పడ్డవాళ్లలో వీళ్లూ ఉన్నారు. అది బందీల్ని విడిపించిన పని కాదు, పక్క దేశాధినేతను చంపిన పని. దాన్ని కూడా మీరు విజయాల లెక్కలో వేయడం నాకు నచ్చలేదు. 1991 ఆగస్టులో అధికారం చేజిక్కించుకోబోయిన కుట్రదారులు మాస్కో పార్లమెంటు భవనం మీదికి పొమ్మంటే పోమని నిలబడిందీ ఈ దళమే. ఆ మాట మీరు రాయాల్సింది.

1988 డిసెంబరు సంగతీ రాయాల్సింది. ఇప్పుడు వ్లాదికవ్కాజ్ అంటున్న ఊళ్లో దుండగులు ఒక స్కూలు బస్సును పట్టుకుపోయారు. అందులో 30 మంది దాకా పిల్లలు, వాళ్ల టీచరమ్మ. విమానాశ్రయంలో ఆల్ఫా కమాండర్ గెన్నాదీ జైత్సెవ్ స్వయంగా వాళ్లతో మాట్లాడి, బేరమాడి, పిల్లలందరినీ క్షేమంగా దింపించాడు. దుండగులకు డబ్బిచ్చారు, విమానమిచ్చారు. వాళ్లు ఇజ్రాయెల్‌లో దిగితే ఆ దేశం పట్టి తిరిగి అప్పగించింది. తుపాకులున్న మనిషి ఓపిక పట్టడం కన్నా పెద్ద ధైర్యం నాకు తెలియదు.

ఇక దుబ్రోవ్కా. 2002 అక్టోబరు 23 రాత్రి నాటకం చూడ్డానికి వచ్చిన దాదాపు 900 మందిని రష్యా నుంచి విడిపోవాలని పోరాడుతున్న చెచెన్యాకు చెందిన 40 మంది మిలిటెంట్లు పట్టుకున్నారు. నడుముకు బాంబులు కట్టుకున్న ఆడవాళ్లు బందీల మధ్యే కూర్చున్నారు. 26వ తేదీ తెల్లవారుజామున గాలి గొట్టాల్లోంచి మత్తు వదిలి, ఆల్ఫా, దాని తోటి కమాండో దళం విమ్పెల్ లోపలికి వెళ్లాయి. బాంబులు పేలలేదు. మిలిటెంట్లందరూ చనిపోయారు. ఇంతవరకూ నేనూ చేతులెత్తి దండం పెడతాను. కానీ ప్రభుత్వ లెక్క ప్రకారమే 130 మంది బందీలు పోయారు. వాళ్లలో తూటాలకు పోయినవాళ్లు చాలా కొద్దిమంది.

వదిలింది ఫెంటానిల్ జాతి మందని కొన్ని రోజుల తర్వాత అక్కడి ఆరోగ్య మంత్రే చెప్పాడు. ఫెంటానిల్ మాకు రోజూ చేతిలో ఉండే మందు. నొప్పి తీస్తుంది, మోతాదు మించితే ఊపిరి తీసుకోవడమే మరిపిస్తుంది. ఒక మధ్యాహ్నం రికవరీలో ఒక పెద్దాయన గురక పెడుతూ పడుకున్నాడు. నేను రిజిస్టరు రాస్తుండగా గురక ఆగింది. కొత్తగా వచ్చిన అమ్మాయిలు గురక ఆగితే హాయిగా నిద్రపోయాడనుకుంటారు, మాకు గుండె ఝల్లుమంటుంది. చూస్తే ఛాతీ కదులుతోంది గానీ గాలి లోపలికి పోవడం లేదు. పెదాలు నేరేడు పండు రంగుకు తిరుగుతున్నాయి. నాలుక వెనక్కి పడి గొంతు మూసుకుంది. చెవుల కింద దవడ మూలల్లో వేళ్లు పెట్టి దవడను ముందుకెత్తాను. ఒక్కసారిగా ఊపిరి సర్రున లోపలికి పోయింది. అప్పుడు పక్కకు తిప్పి పడుకోబెట్టాం. దానికి మందు కూడా అక్కర్లేకపోయింది, రెండు చేతులు చాలాయి.

దుబ్రోవ్కాలో ఆ చేతులే లేవు. స్పృహ లేని మనుషుల్ని మోసుకొచ్చి, మెట్ల మీద, చలిలో తడిసిన నేల మీద వెల్లకిలా వరసగా పడుకోబెట్టారు. ఎందరినో బస్సుల్లో కుదేశారు. ఏం వదిలారో డాక్టర్లకు ముందు చెప్పలేదు. విరుగుడు నలోక్సోన్ సరిపడా లేదు. వాయువు వాడడాన్ని 2011లో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు తప్పుపట్టలేదు, కానీ తర్వాత మనుషుల్ని కాపాడే ఏర్పాటు సరిగా లేదని తేల్చింది. నేను చెప్పేదీ అదే.

బెస్లాన్ గురించి మీరు వివరంగానే రాశారు. 2004లో పిల్లల్ని బందీలుగా పట్టుకున్న ఆ రష్యా ఊరి స్కూల్లో ఆల్ఫా, విమ్పెల్ దళాల వాళ్లు పది మంది చనిపోయారు. ఆండ్రెయ్ తుర్కిన్ అనే అధికారి గ్రెనేడ్ మీద తన ఒళ్లు పరిచాడు. అక్కడ కూడా ఫైరింజన్లు ఆలస్యంగా వచ్చాయి.

మన సంగతికొస్తాను. ఇక్కడ ఒక రోడ్డుకు మేజర్ సందీప్ ఉన్నికృష్ణన్ పేరుంది. 2008లో తాజ్ హోటల్లో ఆ అబ్బాయి గాయపడ్డ తోటి కమాండోను ముందు బయటికి పంపించి, తర్వాత తను పైకి వెళ్లి ప్రాణమిచ్చాడు. ఆ బోర్డు చూసినప్పుడల్లా నాకు ఆ ‘ముందు’ అన్న మాటే గుర్తొస్తుంది.

రెండేళ్ల కిందట ఒక మాల్‌లో మాక్ డ్రిల్ చూశాను. నల్ల దుస్తుల కుర్రాళ్లు తాళ్ల మీద దిగి నాలుగు నిమిషాల్లో పని ముగించారు, జనం చప్పట్లు కొట్టారు. గాయపడ్డట్టు నటించే కాలేజీ పిల్లల్ని మాత్రం కాళ్లూ చేతులూ పట్టి తెచ్చి తారు మీద వెల్లకిలా పడేశారు. అంబులెన్సు అతిథుల కార్ల వెనక ఇరుక్కుంది. అక్కడున్న అధికారితో చెబితే, “అమ్మా, అది మెడికల్ వాళ్లు చూసుకుంటారు” అన్నాడు. ఆ మెడికల్ వాళ్లు కార్ల వెనకే ఉన్నారు!

దయచేసి ఈసారి డ్రిల్ జరిగినప్పుడు మీ ఫొటోగ్రాఫర్‌ను తాళ్ల దగ్గర కాకుండా బయటి గేటు దగ్గర నిలబెట్టండి. ఎన్ని స్ట్రెచర్లు ఉన్నాయో, ఎవరు ఎవర్ని పక్కకు తిప్పి పడుకోబెడుతున్నారో ఫొటో తీసి వేయండి. నేర్పేవాళ్లు లేరంటే, నాలాంటి రిటైర్డ్ నర్సులు ఈ ఊళ్లో చాలామంది ఉన్నాం, పిలిస్తే వస్తాం. పోయిన నెల మా అపార్ట్‌మెంట్ సెక్యూరిటీ కుర్రాళ్లు ఆరుగురికి దవడ ఎత్తడం, పక్కకు తిప్పడం నేర్పాను. అరగంట పట్టింది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు,
యలహంక, బెంగళూరు